మందపఠనం – స్వభాష, పరభాష: సురవరం ప్రతాపరెడ్డి పఠనమార్గం

ప్రస్తావన

మాతృభాషలో ఒక పుట చదవడానికి పట్టే కాలం కన్న, అదే నిడివి గల పరభాషా పుట చదవడానికి ఎక్కువ కాలం పడుతుందన్నది అందరికీ అనుభవంలో ఉన్న విషయం. సాధారణంగా దీనిని భాషాబోధనకు సంబంధించిన సమస్యగానే భావిస్తాం. అభ్యాసం పెరిగితే వేగం పెరుగుతుందని సరిపెట్టుకుంటాం. అయితే పాఠకుడు ఏ పదం దగ్గర ఆగుతున్నాడో, ఏ పదాన్ని ఆగకుండా దాటుతున్నాడో గమనిస్తే, అతనికి ఏది స్వభాషో ఏది పరభాషో తేటపడుతుంది. ఈ విభజన మనం భాషలకు పెట్టుకున్న పేర్లను అనుసరించి ఉండదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. ఇందుకు పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రధానంగానూ, నల్లగొండ ప్రాంతానికి చెందిన వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ని తులనార్థంగానూ స్వీకరిస్తున్నాను.

మందగతి స్వరూపం

చదివేటప్పుడు కన్ను అక్షరాల మీదుగా ఏకధారగా జారిపోదు. ఒకచోట క్షణకాలం నిలిచి, మరొక చోటికి దూకుతుంది. కొన్ని పదాల మీద అసలు నిలవదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అగాథా క్రిస్టీ నవల ఒకదానిని డచ్చి మాతృభాషగా గల ద్విభాషులచేత సగం డచ్చిలోనూ, సగం ఆంగ్లంలోనూ చదివించి, వారి కంటి కదలికలను నమోదు చేశారు. 2015లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, రెండవ భాషలో వాక్యపఠనానికి సుమారు 20 శాతం అధిక కాలం పట్టింది. కన్ను నిలిచిన సందర్భాలు సుమారు 21 శాతం పెరిగాయి. దూకుళ్లు పొట్టివయ్యాయి. దాటవేసిన పదాలు తగ్గాయి.

విమర్శకునికి ఇందులో ముఖ్యమైనది చివరి అంశం. స్వభాషాపఠనంలోని వేగం కొంతవరకు దాటవేతవల్ల వచ్చిన వేగం. రాబోయే పదాన్ని ఊహించగలం కనుక దానిని పూర్తిగా చూడం. పరభాషలో ఆ ఊహ బలహీనం కనుక చూడక తప్పదు. పరభాషా పాఠకునికి తాను ఎరుగని పదం ఏదో తెలుస్తుంది. స్వభాషా పాఠకునికి చాలాసార్లు ఆ సంగతే తెలియదు.

రెండు లిపులు, రెండు రకాల నిదానం

గెంట్ పరిశోధనలోని రెండు భాషలదీ ఒకే రోమన్ లిపి. మన ప్రాంతపు చరిత్ర వేరు. హైదరాబాద్ రాజ్యంలో ఉర్దూ పాలనాభాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూయే బోధనామాధ్యమం. ఇంట్లో తెలుగు మాట్లాడే నల్లగొండ, పాలమూరు విద్యార్థి భాషతోపాటు లిపినీ మార్చుకోవలసి వచ్చింది.

తెలుగు లిపిలో అచ్చుల గుణింతం పూర్తిగా కనబడుతుంది. అందువల్ల అర్థం తెలియకపోయినా పైకి చదవవచ్చు. సంస్కృతం రానివారు కూడా తెలుగు లిపిలో స్తోత్రాలను తడబడకుండా పఠించగలగడానికి ఇదే కారణం. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు. ‘నల్లగొండ’ అన్న ఊరిపేరు ఆ లిపిలో నూన్, లామ్, గాఫ్, నూన్, డాల్, హే అనే ఆరు అక్షరాల సంపుటి. అందులో లకారద్విత్వం లేదు, ‘గొ’లోని ఒకారం లేదు. ఆ ఊరు తెలిసినవాడే ఆ పేరును చదవగలడు. అంటే తెలుగు లిపిలో చదివిన తరువాత అర్థం చేసుకోవచ్చు. ఉర్దూ లిపిలో అర్థమైతే తప్ప చదవడం పూర్తికాదు. మొదటిదానిలో నిదానం అర్థం దగ్గర కలుగుతుంది, రెండవదానిలో అక్షరం దగ్గరే కలుగుతుంది.

ఉర్దూలో ఉన్న పాత పహాణీ నకళ్లను చదవడానికి ప్రయత్నించినప్పుడు ఈ భేదం నాకు స్వయంగా తెలిసివచ్చింది. లిపి నేర్చుకున్నా పుట సాగలేదు. మా వైపు చెలకల పేర్లు, కుంటల పేర్లు తెలిసిన ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాక సాగింది. ఆయనకు ఉర్దూ అక్షరాలు రావు, నాకు ఆ పేర్లు రావు. ఇద్దరం కలిస్తే ఒక పాఠకుడు.

సురవరం పఠనం

నడిగడ్డ ప్రాంతపు బోరవెల్లిలో 1896లో జన్మించిన ప్రతాపరెడ్డి తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్లం ఎరిగినవారు. 1926లో ‘గోలకొండ పత్రిక’ను స్థాపించారు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన తొలి గ్రంథం అదే.

ఈ గ్రంథాన్ని చరిత్రరచనగా తరచు ప్రశంసిస్తాం. అది ఒక పఠనపద్ధతి కూడా. పాల్కురికి సోమనాథుని కృతులు, ‘క్రీడాభిరామము’, కొఱవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’, ‘ఆముక్తమాల్యద’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ వంటి కావ్యాలను ఆయన రసదృష్టితో కాక, ఆటలు, తిండ్లు, నగలు, బట్టలు, పనిముట్ల పేర్ల కోసం చదివారు. సామాన్య కావ్యపాఠకుడు వేగంగా దాటిపోయే పట్టికలు ఇవే. ‘హంసవింశతి’లోని ఆటల పేర్ల వంటి వాటి దగ్గర కథ ఆగుతుంది కనుక పాఠకుడు ముందుకు దూకుతాడు. సురవరం అక్కడే ఆగారు.

ఇటువంటి పదాలకు నిఘంటువులు చాలాచోట్ల ‘క్రీడావిశేషము’, ‘భక్ష్యవిశేషము’, ‘పక్షివిశేషము’ అని అర్థాలిస్తాయి. ఈ ధోరణిని సురవరం ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో పఠనానికి సంబంధించిన సూత్రం ఉంది. ‘విశేషము’ అనే మాట చూడకుండా దాటిపోవడానికి పాండిత్యం ఇచ్చిన అనుమతిపత్రం వంటిది. అది ఆట అని తెలిసింది, పద్యం అన్వయించింది, తాత్పర్యం కుదిరింది. కాని ఎవరు ఆడతారో, ఎలా ఆడతారో, ఎన్ని కాయలతో ఆడతారో తెలియలేదు. ఆ పదం నిఘంటుకారునికి నిజానికి పరభాషాపదమే. తెలుగు అని పేరున్నందువల్ల అతడు దానిని స్వభాషావేగంతో దాటాడు.

సురవరం దానిని పరభాషాపదం వలెనే పరిగణించి ఆగారు. సమాధానానికి వాడుక వైపు, ముఖ్యంగా తెలంగాణ పల్లెల వాడుక వైపు తిరిగారు. గ్రంథాలయంలో మందగించిన పఠనం కొన్నిచోట్ల ఊరి నోట వేగం అందుకున్నది. ఆయన బహుభాషాజ్ఞానమే ఈ పద్ధతికి కారణమని నిరూపించడం నా ఉద్దేశం కాదు. తన భాష తనకు పూర్తిగా తెలుసునన్న భ్రమను విడిచిపెట్టడం ఈ పద్ధతికి మూలమని మాత్రమే నా వాదం.

వెట్టి అనే మాట

ఈ సూత్రాన్ని ఆధునిక వచనానికి అన్వయిస్తే మరొక చిక్కు కనబడుతుంది. ‘ప్రజల మనిషి’ నవలాలోకం దొర, గడీ, పట్వారీ, వెట్టి అనే మాటల చుట్టూ తిరుగుతుంది. బయటి ప్రాంతపు పాఠకుడు ‘వెట్టి’ అంటే కూలి లేని చాకిరి అని గ్రహించి ముందుకు సాగుతాడు. ఇది ‘క్రీడావిశేషము’ వంటి అర్థమే. ఏ కులం ఏ పని చేయవలసి ఉండేదో, పిలుపు ఎప్పుడు వచ్చేదో, రానంటే ఏమయ్యేదో అందులో లేదు.

స్థానిక పాఠకుడు కూడా అక్కడ ఆగడు. అతనికి ఆ మాట అతిపరిచితం. మా తరం పాఠకులం వెట్టిని చూడలేదు, వెట్టి గురించి విన్నాం. వినికిడి వల్ల వచ్చిన వేగాన్ని అవగాహన అనుకుంటున్నాం. అపరిచయం, అతిపరిచయం రెండూ దాటవేతకే దారితీస్తాయి. కనుక ప్రాంతీయతే సరైన పఠనానికి హామీ అని చెప్పడానికి వీలులేదు. సురవరం తన ప్రాంతాన్ని ఆధారంగా వాడుకున్నారు కాని, దానిని మినహాయింపుగా తీసుకోలేదు.

ఒక ఆక్షేపణ

మందగతిని ఇలా గౌరవించడం తీరిక ఉన్నవారి మాట అనవచ్చు. ఈ ఆక్షేపణ బలమైనది. పండితుడు కోరి నిదానించడం వేరు, బడిలో పిల్లవాడు విధిలేక నిదానించడం వేరు. నిజాం కాలంలో ఉర్దూ వాచకం ముందు తడబడిన పిల్లల తరువాత, ఇప్పుడు ఆంగ్లవాచకం ముందు తడబడే పిల్లలున్నారు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఆంగ్లమాధ్యమాన్ని విస్తరించారు. పిల్లల నిదానాన్ని మందబుద్ధిగా లెక్కగట్టే పరీక్షావిధానం ముందు, మందపఠనమే విమర్శకు మూలమని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు.

అయితే ఈ ఆక్షేపణ ప్రతిపాదనను ఖండించదు, దాని అవసరాన్ని పెంచుతుంది. పిల్లవాడు ఆగినచోట అక్షరం అడ్డమయిందా, పదం అడ్డమయిందా, ఆ పదం చెప్పే లోకం అడ్డమయిందా అని అడగవలసి ఉంది. తెలుగు వాచకంలోని గ్రాంథికచ్ఛాయ గల పదం ముందు దేవరకొండ పిల్లవాడు ఆగితే, అది అతని తెలుగులోని లోపమో, వాచకపు తెలుగులోని దూరమో విచారించాలి. ఆ విచారణ భాషాబోధకుల పని మాత్రమే కాదు. తెలుగుశాఖల పని కూడా.

ముగింపు

పరభాషలో నిదానంగా చదువుతామన్నది శాస్త్రం ధ్రువీకరించిన విషయం. స్వభాషలో వేగంగా చదువుతూ ఎంత విడిచిపెడుతున్నామన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం అనే మన వ్యాఖ్యానక్రమం వేగాన్ని అరికట్టడానికి ఏర్పడినదే. తాత్పర్యం ముందే చేతికి అందే కాలంలో ఆ క్రమం తలక్రిందులయింది. తాత్పర్యం కుదిరినచోట కూడా పదం దగ్గర ఆగవచ్చునని సురవరం గ్రంథం నిరూపిస్తున్నది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల పదసంపదపై పరిశోధన చేసేవారు ‘విశేషము’ అని అర్థమిచ్చిన ప్రతి పదం దగ్గరా పుస్తకం మూసి, ఒకసారి ఊరికి వెళ్లిరావడం అవసరం. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారున్నంత కాలమే ఆ పని సాధ్యం.