ఏబీఎస్ లైటు వెలిగితే సెన్సరే దోషా?

కారు బాగానే ఆగుతుంది. కానీ సిగ్నల్ దగ్గర ఇంకో రెండు గజాల్లో నిలబడుతుందనగా, పొడి రోడ్డు మీదే, బ్రేకు పెడల్ కాలి కింద గరగరమని కొట్టుకుంటుంది. ఈ ఫిర్యాదుతో వచ్చిన బండికి చాలా షెడ్లలో ముందు ప్యాడ్లు మారుస్తారు, తర్వాత డిస్కులకు లేత్ పట్టిస్తారు. జబ్బు ఉన్నచోటే ఉంటుంది. ఆరితేరిన మెకానిక్ బ్రేకుల జోలికి పోకుండా ఒక్కటే అడుగుతాడు: ఎంత స్పీడులో కొడుతోంది? పది కిలోమీటర్ల లోపే అన్నారంటే అతని చూపు చక్రం వెనక దాగిన వేలెడంత సెన్సర్ మీదికి పోతుంది.

ఆ అనుమానానికి కారణముంది. ఏబీఎస్ కంప్యూటర్ నాలుగు చక్రాల వేగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంటుంది. మిగతా మూడూ తిరుగుతుండగా ఒక్కటి చటుక్కున సున్నాకి పడిపోతే, అది బిగుసుకుపోయిందనుకుని దాని బ్రేకు వదిలిపెడుతుంది. నిజానికి బిగుసుకున్నది చక్రం కాదు, తక్కువ వేగంలో బలహీనపడి తెగిపోయింది దాని సిగ్నల్. ఈ దశలో డాష్‌బోర్డు మీద లైటు కూడా వెలగకపోవచ్చు. అందుకే ఇది చాలామందికి చిక్కదు.

బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో రోడ్డెక్కింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. దాంతో ఒకప్పుడు పెద్ద కార్ల షోరూములకే పరిమితమైన ఈ తలనొప్పి విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని రేకుల షెడ్డు దాకా అందరిదీ అయింది.

సెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. పాత రకంలో అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది. ఎదురుగా పళ్ల రింగు తిరుగుతుంటే తీగలో ఏసీ కరెంటు పుడుతుంది. టైరు ఒక చుట్టుకు 1.9 మీటర్లు పోతుందనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు ఆరు చుట్లు. రింగుకు 48 పళ్లుంటే సెకనుకు సుమారు 280 తరంగాలు. దీన్ని మల్టీమీటరుతో పట్టుకోవచ్చు. కప్లర్ విప్పి రెండు పిన్నుల మధ్య కొలిస్తే సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల ఓములకు అటూఇటూగా చూపాలి. బండిని జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే ఏసీ వోల్టు అంకె కదలాలి.

కొత్త రకానికి ఈ పద్ధతి పనికిరాదు. దాంట్లో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. కంప్యూటర్ నుంచి కరెంటు అందితేనే పనిచేస్తుంది, 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ జవాబిస్తుంది. ఓములు కొలిచి మంచిచెడ్డలు తేల్చడం కుదరదు. పైగా మీటరు పంపే కరెంటుకి చిప్ దెబ్బతినే ప్రమాదముంది. పాత అలవాటుతో ఓమ్‌మీటరు పెట్టి, మంచి సెన్సర్లను చెత్తబుట్టలో వేసిన షెడ్లు తక్కువేం కాదు.

ఇక స్కానర్ సంగతి. చవకగా దొరికే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఏబీఎస్‌తో మాట్లాడగలిగేది కావాలి. సి0035 అని చూపితే ఎడమ ముందు చక్రం సర్క్యూటు అని అర్థం. ఆ కోడ్ వీధి పేరు చెబుతుంది గానీ ఇంటి నంబరు చెప్పదు. సెన్సర్, వైరు, కప్లర్, పళ్ల రింగు, బేరింగ్ అన్నీ ఆ వీధిలోనే ఉంటాయి. "మార్చి చూద్దాం" అనేవాడికీ పనివాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

పనివాడు లైవ్ డేటా తెరిచి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీద తిన్నగా నడుపుతాడు. నాలుగు అంకెలూ కలిసి పెరగాలి, కలిసి తగ్గాలి. మలుపులో బయటివైపు చక్రాలు కాస్త ఎక్కువ చూపడం సహజం. ఒక అంకె ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తేడాగా ఉందంటే సెన్సర్‌ని అనుమానించే ముందు ఆ చక్రానికి వేరే సైజు స్టెప్నీ బిగించారేమో, గాలి తగ్గిందేమో చూడాలి. అంకె గెంతులేస్తూ మధ్యమధ్య సున్నాకి పడుతుంటే సిగ్నల్ తెగుతోందన్నమాట. చుట్టుకొకసారి లెక్క తప్పకుండా తడబడుతుంటే రింగు పగిలిందో, పన్ను విరిగిందో. ఆసిలోస్కోప్ ఉన్న షెడ్డులో ఆ విరిగిన పన్ను తెర మీద ఖాళీగా కనబడుతుంది.

ఆ తర్వాతి పని చేతులది. ముందు చక్రాల వైరు స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగుతుంది; పైతొడుగు బాగానే ఉండి లోపలి తీగ తెగి ఉంటుంది. స్టీరింగు రెండువైపులా తిప్పిస్తూ, వైరుని వేళ్లతో కదుపుతూ స్కానర్‌లో అంకె చూస్తే దొరుకుతుంది. ఎలుకలు కొరికిన వైర్లు మనకు మామూలే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పటిలా నీళ్లలో నానిన కార్లలో చూడాల్సింది కప్లర్: లోపల నీరు చేరి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్లలో మరో చిక్కు, తుప్పు. సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలు కట్టి దాన్ని కొద్దిగా పైకెత్తుతుంది. మిల్లీమీటరు ఎడం పెరిగినా తక్కువ వేగంలో సిగ్నల్ జారిపోతుంది. మొదట చెప్పిన గరగరకి కారణం చాలాసార్లు ఇదే. సెన్సర్ తీసి, కూర్చునే చోటు శుభ్రం చేసి, మొనకు అంటుకున్న ఇనప రజను తుడిచి బిగిస్తే కొత్త పార్టు ఖర్చు తప్పుతుంది. తుప్పులో ఇరుక్కున్నదాన్ని సుత్తితో కొడితే మాత్రం ప్లాస్టిక్ తల ఊడి మొన లోపలే ఉండిపోతుంది. నూనె పోసి, నానబెట్టి, మెల్లగా తిప్పుతూ లాగాలి.

బేరింగ్ మార్చిన మర్నాడే లైటు వెలిగిందంటే అది వేరే కథ. ఇప్పటి బేరింగుల్లో చాలావాటికి పళ్ల రింగు ఉండదు. ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా రావాలి. చూడ్డానికి రెండు వైపులూ దాదాపు ఒకేలా ఉండటంతో తిరగేసి నొక్కేస్తారు. బేరింగ్ బాగానే తిరుగుతుంది, సిగ్నల్ మాత్రం రాదు.

ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి; గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏర్పాటు మాత్రం ఉండదు. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే బండి పక్కకు ఆపాల్సిందే. బాగుచేశాక కూడా కొన్ని కార్లలో బండి కదిలి, సెన్సర్ సిగ్నల్ సరిగ్గా ఉందని కంప్యూటర్ సరిచూసుకున్నాకే లైటు ఆరుతుంది. కాబట్టి కోడ్ చెరిపేసి, ఇంకో రౌండు కొట్టి, నాలుగు అంకెలూ మళ్లీ చూసుకున్నాకే తాళాలు చేతికివ్వాలి.