ప్రపంచ వాణిజ్యపు వల : ఒక పాత గ్రంథము, కొన్ని కొత్త లెక్కలు

దేశముల మధ్య జరుగు వర్తకమును ఒక వలగా భావించుట నేడు పరిపాటియైనది. దేశములు ముడులు, సరకుల రాకపోకలు పోగులు. కంప్యూటర్లు వచ్చిన పిమ్మటనే ఈ ఊహ పుట్టినదని పలువురు తలచెదరు. అది సరికాదు. నానాజాతి సమితి 1942లోనే ‘ది నెట్‌వర్క్ ఆఫ్ వరల్డ్ ట్రేడ్’ అను గ్రంథమును ప్రకటించినది. దానిని రచించినవాడు స్వీడను దేశీయుడగు ఫోల్కె హిల్గెర్ట్. ఇప్పటి రంగురంగుల వాణిజ్య పటములను విమర్శింపదలచువారు మొదట ఈ గ్రంథమును పరిశీలించుట మంచిది. ఇందలి గుణములును దోషములును వాటికి వారసత్వముగా సంక్రమించినవి.

గ్రంథములోని ముఖ్య విషయమును ఒక పల్లెటూరి ఉదాహరణముతో గ్రహింపవచ్చును. రైతు సాలెవానికి ధాన్యమిచ్చును. సాలెవాడు కమ్మరికి బట్టలిచ్చును. కమ్మరి రైతునకు నాగటికర్రు చేసియిచ్చును. ఏ ఇద్దరి పద్దును విడిగా చూచినను ఒకనికి మిగులు, మరొకనికి లోటు కనబడును. ముగ్గురిని కలిపి చూచినచో ఎవరికిని బాకీ ఉండదు. హిల్గెర్ట్ ఈ సూత్రమునే ప్రపంచమునకు వర్తింపజేసి, 1928 నాటి లెక్కలలో ఒక పెద్ద వలయమును చూపెను. ఉష్ణమండల దేశములు అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి కొన్నదానికంటె వాటికి అమ్మినది ఎక్కువ. ఆ రాష్ట్రములు కెనడా, అర్జెంటీనా, ఆస్ట్రేలియా వంటి కొత్త వలస భూములకు అట్లే ఎక్కువ అమ్మినవి. ఆ భూములు ఐరోపా ఖండమునకును, ఐరోపా ఖండము బ్రిటనుకును, బ్రిటను తిరిగి ఉష్ణమండలమునకును అమ్మినవి. రెండు దేశముల మధ్య లోటును చూచి తగవునకు దిగుట ఎంత అవివేకమో ఇంతకంటె స్పష్టముగా చెప్పిన గ్రంథము అరుదు.

ఈ వలయము తెగినప్పుడు ఏమి జరిగినదో కూడ గ్రంథము చూపినది. 1931లో బ్రిటను బంగారు ప్రమాణమును విడిచినది. 1932లో ఒట్టావా ఒప్పందములు సామ్రాజ్యములోని దేశములకు ప్రత్యేక రాయితీల నిచ్చినవి. ప్రతి దేశమును తన లెక్కను ఎదుటి దేశముతో విడివిడిగా సరిచూచుకొనబూనెను. ఒక పోగును లాగినచో దూరమున నున్న ముడి బిగియుననుటకు ఇది చక్కని తార్కాణము.

అయినను ఈ పటములో ఒక లోపము గలదు. అది భారతదేశమువంటి ముడులయందు స్పష్టముగా తెలియును. జనుము, ప్రత్తి, నూనెగింజలు ఇచటినుండి అమెరికాకును ఐరోపాకును పోయెడివి. మద్రాసు రాజధానిలో పండిన వేరుసెనగ ఫ్రాన్సులోని మార్సెయి నూనె మిల్లులకు చేరెడిది. ఇట్లు వచ్చిన మిగులు బ్రిటనుకు చెల్లింపులకై వినియోగమయ్యెడిది. వాటిలో మాంచెస్టరు బట్టల వెలయే గాక, రైల్వే అప్పులపై వడ్డీలు, తెల్ల ఉద్యోగుల పింఛనులు, లండనులోని ఇండియా ఆఫీసు ఖర్చులు కూడ నుండెను. వడ్డీల, లాభాంశముల సంగతిని హిల్గెర్ట్ గుర్తింపకపోలేదు. కాని పటములో అన్ని పోగులును ఒకే తీరున గీయబడినవి. ఇష్టపడి అమ్మినదానికిని, పరపాలనలో తప్పక చెల్లించినదానికిని భేదము అందు గోచరింపదు. ఈ పటమును తరగతిలో గీయు ఉపాధ్యాయుడు ఈ మాటను నోటితో చెప్పవలసినదే.

రెండవ లోపము లెక్కించు పద్ధతిలోనిది. ఒక దేశము 10 రూపాయల ప్రత్తిని అమ్మును. రెండవ దేశము దానిని నూలుగా వడకి 25 రూపాయలకు అమ్మును. మూడవది బట్ట నేసి 40 రూపాయలకు ఎగుమతి చేయును. సుంకపు కచేరీల లెక్కలో ఎగుమతుల మొత్తము 75 రూపాయలు. నిజముగా కలిగిన విలువ 40 మాత్రమే. 1928లో ఒకే వస్తువు భాగములు పలుమార్లు సరిహద్దు దాటుట నేటికంటె తక్కువ గనుక ఈ తప్పు అంతగా బాధింపలేదు. నేడు ఒక్క వస్తువుయొక్క భాగములే పలు సరిహద్దులు దాటుచున్నవి. దీనినే విలువల గొలుసు అందురు.

ఇందులకు ప్రసిద్ధ నిదర్శనము ఐఫోను. షింగ్ యుచింగ్, నీల్ డెటెర్ట్ అనువారు 2010లో ఐఫోను 3జీని భాగభాగములుగా లెక్కగట్టిరి. తయారీ ఖర్చు 178.96 డాలర్లు. అందు జపానుకు చెందిన తోషిబా భాగములకే 59 డాలర్లకు పైగా పోయెను. చైనాలో కూర్చినందుకు దక్కినది 6.50 డాలర్లు, అనగా నూటికి 4 పాళ్లకు లోపే. 2009లో ఈ ఒక్క వస్తువు వలన అమెరికాకు చైనాతో 190 కోట్ల డాలర్ల లోటు ఏర్పడినట్లు సుంకపు లెక్కలు చూపినవి. చైనా చేర్చిన విలువను మాత్రమే లెక్కించినచో అది 7 కోట్ల 30 లక్షలు!

2003లో ఏంజెలెస్ సెరానో, మరియన్ బొగున్యా అను భౌతిక శాస్త్రజ్ఞులు వాణిజ్యపు వలకు ఇంటర్నెట్‌తో పోలికలు గలవని చూపిరి. గణితము సొగసైనదే. కాని రెండు దేశముల మధ్య వర్తకము ఉన్నదా లేదా అనునదే వారు ముఖ్యముగా గైకొన్నది. నూలుపోగును ఓడ మోకును ఒకటిగా లెక్కించిన వలనుండి రాబట్టు నిర్ణయములను జాగ్రత్తగా వాడవలెను. పోగుల బరువును కూడ తూచిన తరువాతి పరిశోధకులకు వల రూపము వేరుగా కనబడినది. అందలి సంబంధములలో అధికభాగము బలహీనమైనవని తేలినది.

విలువను సరిగా లెక్కించుటకు మార్గము పాతదే. ఏ పరిశ్రమ ఏ పరిశ్రమనుండి ఎంత కొనుచున్నదో చూపు పట్టికను వాసిలీ లియొంటీఫ్ 1936లో ప్రకటించెను. దానినే దేశములన్నిటికి విస్తరించి ఓఈసీడీ, ప్రపంచ వాణిజ్య సంస్థ 2013లో, చేర్చిన విలువ ననుసరించి వాణిజ్య లెక్కలను వెలువరించినవి. వీటియందును ఒక చిక్కు గలదు. దిగుమతియైన భాగములు స్వదేశపు అమ్మకమునకును ఎగుమతికిని ఒకే పాళ్లలో వినియోగపడునని సామాన్యముగా అనుకొందురు. చైనాలో కేవలము ఎగుమతికై సరకులు కూర్చు కర్మాగారములు దిగుమతి భాగములను ఎంతో హెచ్చుగా వాడెడివి. అందుచే ఆ ఊహతో గట్టిన లెక్క చైనా పాలును ఉన్నదానికంటె అధికము చేసి చూపును. ఆ పాలు సైతము స్థిరమైనది కాదు. 2017లో వచ్చిన ఐఫోను ఎక్స్‌ను షింగ్ తిరిగి లెక్కించగా, తయారీ ఖర్చులో చైనాకు దక్కినది సుమారు నాలుగవ వంతు.