మన సీమను చదువుకొనుట

ఇటీవలి కాలమున వెలువడిన గ్రంథములలో చదువదగినవి యేవియని మిత్రులు తరచుగా అడుగుచుందురు. పేరుకెక్కిన పుస్తకముల నెల్ల ఏకరువు పెట్టుటకంటె, నంద్యాలలో కూర్చుండి చదువు మనిషికి తన కన్నులయెదుట నున్న నల్లమలను, కుందూ తీరమును, అహోబిలపు కొండలను మునుపటికంటె తేటగా చూపగల గ్రంథములేవియో చెప్పుటయే నాకిష్టము. చరిత్రను, శిల్పమును, కథను వేరువేరు అరలలో సర్దుట గ్రంథాలయములకు సౌకర్యమే కావచ్చును గాని, మన సీమ విషయమున ఆ మూడింటిని ప్రక్కప్రక్కన తెరచుకొని చదువనిదే ఏ యొక్కటియు పూర్తిగా బోధపడదని నా దృఢవిశ్వాసము.

శ్రీశైలమునే తీసికొందము. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పటినుండి ఆ క్షేత్రము మన జిల్లాలోనిదే. 2014లో ప్రభావతి సి. రెడ్డిగారు ఆంగ్లమున ప్రకటించిన శ్రీశైలయాత్రా చరిత్ర శాసనములను, శిల్పములను, యాత్రికుల విశ్వాసములను ఒకే దృష్టితో పరిశీలించిన గ్రంథము. దానిని చదివిన పిమ్మట ఆలయప్రాకారముచుట్టు నడచితిని. ఏనుగుల బారులు, గుఱ్ఱములు, వేట దృశ్యములు, యోగుల భంగిమలు, శివలీలలు వరుసలు వరుసలుగా చెక్కబడిన ఆ గోడను, పూర్వము దర్శనపు తొందరలో చూచీచూడక దాటిపోయిన దానిని, ఒక్కొక్క ఫలకముకడ నిలిచి చూడవలెనన్న తపన అప్పుడు కలిగినది. కళాగ్రంథమునకు నేను పెట్టు పరీక్ష యిదియే: మనలను రాతియొద్దకు మరల నడిపింపవలెను, అక్కడ మరికొంతసేపు నిలుపవలెను.

అయితే శాసనము కట్టించినవాని పేరు చెప్పును, దానమిచ్చిన భూమి యెల్లలు చెప్పును, తిథివారములు చెప్పును. ఉలి పట్టిన చేతి సంగతి మాత్రము సామాన్యముగా చెప్పదు. ఆ చేతిపని నేటికిని ఆళ్లగడ్డలో సజీవముగా నున్నది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ శిల్పవిద్యను గూర్చి, రాయి నెన్నుకొనుట మొదలు విగ్రహమునకు కన్ను తెరచువరకు శిల్పులే తమ నోట చెప్పగా వ్రాసికొనిన పెద్ద గ్రంథమొకటి, మంచి ఛాయాచిత్రములతో, తెలుగులో రావలెనని నా చిరకాలవాంఛ. ఇది వ్రాయవలసినవారు దూరమునుండి వచ్చు పండితులే కానక్కరలేదు; మన కళాశాలల విద్యార్థులు పూనుకొనినను చాలును.

శాసనము విడిచిన చోటును నవల పూరించును. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి నందినది. కరవుకాలమున గొఱ్ఱెలను తోలుకొని నల్లమలకెక్కు కాపరుల కథ యది. 2021లో చలనచిత్రముగా వచ్చినప్పుడు చూచినవారు నవలను చదువ నక్కరలేదనుకొనిన, చాల పోగొట్టుకొందురు. మందకు నీరెక్కడ, మేత యెక్కడ, పులి జాడ యెట్టిది అను ఎఱుక అందులో పుటపుటను నిండియున్నది. తరతరములుగా కాపరులు నోటనే నిలుపుకొని వచ్చిన విద్య అక్షరములలోనికి వచ్చినది. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు అహోబిలము, మహానంది, శ్రీశైలములమీదుగా సాగి, దారిలోని ఊళ్లను, వసతులను శ్రద్ధగా వ్రాసియుంచిరి. ఆ బాటసారి చూపునకు అందిన నల్లమల వేఱు, కాపరి యెఱిగిన నల్లమల వేఱు. రెండును చదివినవానికే ఆ యడవి విస్తృతి తెలియును.

బండి నారాయణస్వామిగారి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. పదునెనిమిదవ శతాబ్దపు అనంతపుర ప్రాంతమున, హండే పాలకుల నాటి జీవితమును చిత్రించిన ఈ నవలలో రాజుల కథకంటె, ఆ రాజ్యపు బరువును మోసినవారి కథయే నన్ను కదలించినది.

ఇక నంద్యాల వారికి స్వంతమనదగిన కథ యొకటి కలదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన తన 'కళాపూర్ణోదయము'ను అంకితమిచ్చినది నంద్యాల ప్రభువైన కృష్ణమరాజునకే. పురాణములనుండి గ్రహింపక స్వయముగా కల్పించిన ఇతివృత్తము. ముందు జరిగినది చాల తరువాత గాని తెలియని కథాసంవిధానము. కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వవిచారము'లో దీనినే విమర్శకు గైకొనిరి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌గార్ల ఆంగ్లానువాదము 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడినది. నంది తిమ్మన 'పారిజాతాపహరణము'నకును, హర్షిత మృత్యింటి కామత్, నారాయణరావుగార్లు చేసిన అనువాదము 2022లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వచ్చినది. ఆంగ్లమున చదువుకొనిన మన యువకులు ఈ యనువాదములతో ఆరంభించుటలో తప్పు లేదు. కథ తెలిసిన పిమ్మట మూలపద్యము భయపెట్టదు. సటీకప్రతి నొకదానిని ప్రక్కన పెట్టుకొని, కళాపూర్ణోదయమున ప్రథమాశ్వాసమువరకైనను పైకి చదువుడు. కలసి చదువువారు నలుగురున్నచో మరియు మేలు. ఒకరు పద్యము చదువగా, మరియొకరు టీక చూడగా, తక్కినవారు చిక్కుముడిలోని ఏ పోగు ఎక్కడ మొదలైనదో గుర్తుచేసికొనుచు సాగవచ్చును.