రెండడుగుల పని

రాత్రి కురిసిన వానకు కోర్టు మీద రెండు చోట్ల నీళ్లు నిలిచాయి. పొద్దున ఆరున్నరకే వచ్చిన పిల్లలు గోనెసంచులతో ఆ నీళ్లను పక్కకు తోశారు. మిగిలిన తడిని పాత గుడ్డలతో ఒత్తి ఒత్తి తుడిచారు. ఇసుక చల్లితే తొందరగా ఆరుతుంది గదా అని పక్కనున్న పెద్దాయన ఎవరో సలహా ఇచ్చాడు. "వద్దు తాతా, ఇసుక మీద కాలు జారుతాది" అంది ఒక పాప, తల ఎత్తకుండానే. కల్లూరు నుంచి హంద్రీ దాటి కర్నూలుకు ఆట చూడటానికి పోయిన నాకు ఆ రోజు మొదట కనపడిన పనితనం అదే. నేల సంగతి తెలిసిన పిల్లలు వాళ్లు.

జిల్లా జట్టు కోసం అండర్-17 బాలికల బాస్కెట్‌బాల్ ఎంపికలు జరుగుతున్నాయి. ఇసుక వద్దన్న ఆ పాపే కాసేపటికి కోర్టు అంచున బంతి అందుకుంది. ఐదడుగుల రెండంగుళాలకు మించదు. ఎదురుగా నిలబడిన అమ్మాయి ఆమె కంటే జానెడు పొడుగు. ఈమె బంతిని రెండుసార్లు నేలకు తట్టింది, రెండడుగులు వేసింది, గాలిలోకి లేచి బోర్డు మీది తెల్ల చదరానికి బంతిని ఆనించి వదిలింది. బంతి వలలోంచి కిందికి దిగేసరికి ఆమె వెనక్కి తిరిగి తన చోటికి పరుగెత్తుతోంది. పొడుగు పిల్ల చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఆ రెండడుగుల గురించే నేను చెప్పదలచుకున్నది.

బాస్కెట్‌బాల్ పొడుగువాళ్ల ఆట అని మనలో చాలామంది తీర్పు చెప్పేసి ఊరుకుంటారు. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని హైస్కూలు పిల్లల ఆటలో ఆ రింగు దాదాపు ఎవరికీ అందదు. పొడుగు పిల్లకూ అందదు, పొట్టి పిల్లకూ అందదు. అలాంటప్పుడు ఆట తేలేది కాళ్ల దగ్గర.

ఈ ఆట పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో దీన్ని తయారుచేసిన జేమ్స్ నైస్మిత్ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంవాడు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట కావలసి వచ్చింది. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి అడ్డుకుని పడదోయడం వల్లే ఆటల్లో దెబ్బలు తగులుతున్నాయని ఆయన గమనించాడు. అందుకని బంతి పట్టుకున్నవాడు పరుగెత్తకూడదని నియమం పెట్టాడు. పదడుగుల ఎత్తున ఉన్న బాల్కనీకి రెండు పండ్ల బుట్టలు కొట్టించాడు. తరగతిలో పద్దెనిమిది మంది ఉన్నారు కాబట్టి పక్షానికి తొమ్మిది మంది. మొత్తం 13 నియమాలు. ఈనాటి 3.05 మీటర్లు ఆనాటి పదడుగులే. బంతిని నేలకు తట్టుకుంటూ పోవడం ఆ నియమాల్లో లేదు, అది తరవాత వచ్చి చేరింది. పరుగెత్తరాదన్న ఆ ఒక్క కట్టడి ఆటగాడి కాళ్లను పట్టి ఆపింది. ఆ ఆపిన చోటే ఈ ఆటలోని నేర్పంతా మొలిచింది.

ఆ రెండడుగులను విడదీసి చూద్దాం. దీన్ని లే అప్ అంటారు. కుడివైపు నుంచి వస్తే, బంతిని చివరిసారి తట్టి రెండు చేతుల్లోకి తీసుకుంటూనే కుడికాలు వేయాలి. అది పొడుగు అడుగు, ఎదుటి మనిషిని దాటిపోవడానికి వేసేది. వెంటనే ఎడమకాలు పడుతుంది. ఈ రెండోది పొట్టి అడుగు. మడమ నుంచి బొటనవేలి దాకా గబుక్కున దొర్లి, ముందుకు పోతున్న ఊపునంతా పైకి మళ్లిస్తుంది. కుడిమోకాలు పొట్టదాకా లేస్తుంది, దానితోపాటే కుడిచెయ్యి లేస్తుంది, ఒకే తాడు రెంటినీ లాగినట్టు. రెండో అడుగు కూడా పొడుగైతే మనిషి బోర్డు కిందికి దూసుకుపోతుంది, బంతి రింగు వెనక్కి తగిలి ఎగిరిపోతుంది. ఆ పాప రెండడుగులకూ మధ్య తేడా నేను కంటితో కొలవగలిగినంత స్పష్టంగా ఉంది. తడి ఆరని సిమెంటు మీద, అరిగిన కాన్వాసు బూట్లతో, ఆ కొలత ఒక్కసారి కూడా తప్పలేదు. ప్రతి ఆటకు ముందు అరచేతితో బూటు అడుగున దుమ్ము తుడుచుకోవడం మాత్రం మరిచిపోలేదు.

ఇక చేతి పని. బోర్డు మీద రింగుకు పైన ఒక చదరం గీసి ఉంటుంది. వెడల్పు 59 సెంటీమీటర్లు, ఎత్తు 45. పక్క నుంచి వచ్చే పిల్ల ఆ చదరం పై మూలకు బంతిని ఆనించాలి. విసిరితే గట్టిగా తగిలి తిరిగొస్తుంది. గూట్లో దీపం పెట్టినంత నెమ్మదిగా పెట్టాలి. కాళ్లేమో ప్రాణం పెట్టి పరుగెత్తుతుంటాయి, వేళ్లేమో మెత్తగా ఉండాలి. ఒకే ఒంట్లో ఈ రెండూ ఒకేసారి జరగడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

ఎడమవైపు నుంచి వస్తే ఇదంతా తిరగబడుతుంది. ఎడమకాలు ముందు, తరవాత కుడికాలు, బంతి ఎడమచేతిలో. ఇక్కడే మన పిల్లలకు అసలు కష్టం. ఎడమచేత్తో ఇవ్వొద్దు, ఎడమచేత్తో తినొద్దు అని పుట్టినప్పటి నుంచీ ఇంట్లో చెప్పిన మాటలు ఆ చేతిని వెనక్కి పట్టుకుని ఉంటాయి. ఆ చేతిని మళ్లీ మేల్కొలపడానికి వ్యాయామ ఉపాధ్యాయులు పడే పాటు చిన్నది కాదు. ఆ రోజు ఒక సారు కోర్టు పక్కన సుద్దతో కాళ్ల గుర్తులు గీసి, బంతి లేకుండానే పిల్లలచేత ఆ గుర్తుల మీద అడుగులు వేయించడం చూశాను. పది మంది పిల్లలు, చేతిలో ఏమీ లేదు, ఎడమ, కుడి, పైకి. ఎడమ, కుడి, పైకి. "కిందికి చూడాకు పాపా, చదరం చూడు" అని ఆయన అంటూనే ఉన్నాడు. అడుగు కాలికి వచ్చేదాకా బంతి చేతికి రాలేదు. నాట్యం నేర్పే చోట కూడా ఇంతే గదా, ముందు అడుగులు, తరవాతే పాట.

ఎదుటివాళ్ల తప్పుకు దొరికే ఫ్రీ త్రో గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది ఒంటరి పని. బోర్డుకు 4.6 మీటర్ల దూరంలో గీత, అయిదు సెకన్ల గడువు, అడ్డం వచ్చేవాళ్లెవరూ ఉండరు. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు. ఆడపిల్లలు ఆడే ఆరో నంబరు బంతి వ్యాసం సుమారు 23. అంటే రింగు నోరు బంతికి దాదాపు రెండింతలు. ఇంత వెడల్పున్నా ఎందుకు తప్పుతుంది? పైనుంచి నిట్టనిలువుగా దిగే బంతికే ఆ నోరు పూర్తిగా తెరిచి ఉంటుంది. పక్కవాటంగా, 30 డిగ్రీల వాలులో వచ్చే బంతికి అదే నోరు 22.5 సెంటీమీటర్లకు ముడుచుకుంటుంది, బంతి కంటే చిన్నదైపోతుంది. 45 డిగ్రీల వాలులో వస్తే దాదాపు 32 అవుతుంది. కాబట్టి బంతిని రింగు వైపు కాదు, ఆకాశం వైపు పంపాలి. మా కల్లూరులో గోడలు కట్టే మేస్త్రీలు నిలువు చూడటానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు. ఫ్రీ త్రో వేసే పిల్ల మోచేయి బంతి కింద సరిగ్గా అట్లా నిలువుగా ఉండాలి. మోచేయి పక్కకు జరిగితే బంతీ పక్కకే పోతుంది. ఆ లెక్కలేవీ ఆ పిల్లలకు తెలియకపోవచ్చు, వాళ్ల మోచేతులకు మాత్రం తెలుసు.

కర్నూలుకు ఈ ఆట ఎట్లా వచ్చిందన్నది తలుచుకుంటే నాకు సంతోషం కలుగుతుంది. నైస్మిత్ పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలోనే చదువుకున్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల నెలకొల్పాడు. 1953 దాకా కర్నూలు మద్రాసు రాష్ట్రంలోదే. దక్షిణాది బళ్లకు డ్రిల్లు మాస్టర్లను తయారుచేసింది ఆ కళాశాల. సుద్దతో గీసిన కాళ్ల గుర్తులకు ఇంత పొడుగు వంశవృక్షం ఉంది.

మన దగ్గర బడి ఆటలు 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ కింద జరుగుతాయి. అండర్-14, 17, 19. మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, అక్కడి నుంచి దేశం. జిల్లా దాటాక ఏ పిల్లా తన బడి పేరుతో ఆడదు. నాలుగైదు బళ్ల నుంచి ఏరిన పిల్లలు ఒక జట్టవుతారు. నైస్మిత్ సొంత దేశమైన కెనడాలో అట్లా కాదు. అక్కడ బడి బడిగానే రాష్ట్ర పోటీదాకా పోతుంది. బ్రిటిష్ కొలంబియాలో పిల్లల సంఖ్యను బట్టి బళ్లను 1ఎ నుంచి 4ఎ దాకా తరగతులు చేస్తారు, చిన్న ఊరి బడి చిన్న ఊరి బడితోనే తలపడుతుంది. ఆ పద్ధతి న్యాయమైనది, మనమూ ఆలోచించవలసినది. వందల మంది పిల్లలున్న పట్టణపు బడి ముందు నలుగురైదుగురు ఆటగాళ్లున్న పల్లె బడిని నిలబెట్టడం పోటీ అనిపించుకోదు.

కాని మన పద్ధతిలో మాత్రమే కనిపించే పనితనం ఒకటి ఉంది. ఆ పొద్దున ఒకరి మొహం ఒకరు ఎరగని ఐదుగురిని ఒక పక్షంగా నిలబెట్టారు. మొదటి పది నిమిషాలు బంతి మనిషి ఉన్న చోటికి పోయింది, అందుకునేలోపు ఎదుటివాళ్లు లాక్కున్నారు. రెండో పది నిమిషాల్లో ఆ పొట్టి పాప పిలవడం మొదలుపెట్టింది. "అక్కా, ఇటు! అక్కా, కింద!" పేర్లు తెలియవు కదా, అందరూ అక్కలే. మూడో పది నిమిషాలకు పిలుపులు తగ్గాయి. బంతి మనిషి ఉన్న చోటికి కాక, మనిషి చేరబోయే చోటికి పోవడం మొదలైంది. ఒక పాస్ నేల మీద ఒక్క దెబ్బ కొట్టి, పొడుగు పిల్ల చంక కిందుగా పోయి, ఇంకా అక్కడికి రాని పిల్ల కోసం ఎదురు చూసినట్టు లేచింది. ఆమె వచ్చింది. రెండడుగులు, చదరం, వల. ముప్పై నిమిషాల పరిచయంతో ఇంత నమ్మకం ఎట్లా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏళ్ల తరబడి కలిసే ఆడిన జట్టు కథ ఒకటి ఇక్కడ చెప్పాలి, కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలోది. ఎడ్మంటన్‌లో మెక్‌డూగల్ కమర్షియల్ హైస్కూలు ఆడపిల్లల జట్టు 1915లో రాష్ట్ర స్థాయి పోటీ గెలిచింది. చదువు ముగిసినా విడిపోవడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. తమ ఉపాధ్యాయుడు పెర్సీ పేజ్ దగ్గరే ఎడ్మంటన్ గ్రాడ్స్ అన్న పేరుతో ఆడుతూ పోయారు. 1940 దాకా ఆడిన 522 ఆటల్లో 502 గెలిచారని లెక్క. పేజ్ ఎక్కువ ఎత్తుగడలు నేర్పలేదు. ఉన్న కొన్నింటినే తప్పు లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించాడు. నైస్మిత్ కూడా వాళ్ల ఆటను మెచ్చుకున్నాడు. ఇంతా చేసి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ 1976లో గాని మొదలు కాలేదు, అదీ కెనడాలోని మాంట్రియల్‌లోనే. మగవాళ్ల తొలి ఒలింపిక్ ఫైనల్ మాత్రం 1936లో బెర్లిన్‌లో ఆరుబయట, జోరువానలో జరిగింది. మట్టి కోర్టు బురదైపోయి బంతి నేలకు తడితే లేవలేదు. అమెరికా 19, కెనడా 8. కర్నూలులో గోనెసంచులతో నీళ్లు తోసిన పిల్లలను చూస్తున్నప్పుడు నాకు ఆ బురద ఆటే గుర్తొచ్చింది.

గ్రాడ్స్‌కు దొరికింది పాతికేళ్లు. మన పాపకు దొరికేది పదో తరగతి పరీక్షల లోపు ఒకటి రెండు పోటీలు. ఆ తరవాత ఇంటర్మీడియట్, హాస్టలు, పుస్తకాలు. బంతి మీది గరుకు అరిగి నున్నబడినట్టే ఆ రెండడుగులూ కాళ్లలో అరిగిపోతాయి. చేతికి వచ్చిన పనిని ఇంత తొందరగా వదిలేయించడం నష్టం, పెద్ద నష్టం.

ఆ పొద్దున కోర్టు చుట్టూ పిల్లలూ సార్లూ తప్ప, నాతో కలిపి పెద్దవాళ్లం నలుగురం. తల్లిదండ్రులు ఎవరూ లేరు. బడి ఆటల కబురు జిల్లా పేజీలో రెండు మూడు వాక్యాల్లో వస్తుంది, దసరాకు అటూ ఇటూగా. ఈసారి కనపడితే చదివి వదిలేయకండి. మీ పాప ఆడకపోయినా సరే, ఒక పొద్దున పోండి. కోర్టు మధ్యలో కాదు, రింగు కింద గీత వెనక కూర్చోండి. బంతిని కాసేపు వదిలి కాళ్లు చూడండి.