ఏడు వరుసల పనితనం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసేవాళ్లలో చెయ్యి తిరిగినవాడెవరో కొటేషన్ కాగితం చూస్తేనే తెలిసిపోతుంది. స్క్రూడ్రైవర్ దాకా వెళ్లనక్కర్లేదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్: మొత్తం ఏడు వరుసలు. తక్కువ డబ్బులో గేమ్స్ బాగా ఆడాలి, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్ కూడా చేసుకోవాలి అన్న కుర్రాడి కోసం ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద రాసిన కాగితాన్ని కాస్త నిదానంగా చదవాలి. అందులో ప్రతి వరుసా మిగతా ఆరింటినీ అడిగి రాసినట్టుంటుంది.

మొదటి వరుస రైజెన్ 5 5600. 2022లో వచ్చిన చిప్పు, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. బాక్స్ ప్యాక్‌లో కూలర్ కూడా వస్తుంది కాబట్టి అక్కడ కొంత మిగులు. షాపు అద్దాల బీరువాలో దాని పక్కనే 5600జీ ఉంటుంది. పేరులో తేడా ఒక్క అక్షరమే అయినా లోపల చాలా మారిపోతుంది. జీ ఉన్నదానికి సొంత గ్రాఫిక్స్ ఉంటాయి, కానీ ఎల్3 క్యాష్ 32 ఎంబీ నుంచి 16కి పడిపోతుంది, పీసీఐఈ 4.0 బదులు 3.0 వస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనేవాడికి అది దండగ. కార్డు వచ్చే ఏడాది కొంటానన్నవాడికి మాత్రం జీయే దిక్కు, ఎందుకంటే మామూలు 5600కి బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తున్నా, అందులోంచి బొమ్మ రాదు.

రెండో వరుసలోనే అసలు నేర్పుంది. ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది. పిన్నులు 1331. ఆరేళ్ల తర్వాతి 5600 కూడా అదే సాకెట్లో కూర్చుంటుంది. అయితే సాకెట్ కలవడమంటే తలుపులో తాళంచెవి దూరడమే. అది తిరుగుతుందో లేదో బోర్డులోని బయోస్ చెప్పాలి. పాత బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్పు 16 ఎంబీయే కాబట్టి అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలూ అందులో ఇమడవు. 400 సిరీస్ బోర్డులకు 5000 సిరీస్ ప్రాసెసర్లు పనిచేయవని 2020లో ఏఎండీ మొదట ప్రకటించింది. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టాక వెనక్కి తగ్గింది. అందుకే ఆ 400 సిరీస్‌లోని బీ450 బోర్డు చవగ్గా దొరికితే, తెలిసినవాడు ముందు దాని బయోస్ వెర్షన్ అడుగుతాడు. తర్వాత వెనకవైపు ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూస్తాడు. అది ఉంటే ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకోవచ్చు. లేకపోతే, కొత్త చిప్పును గుర్తించేలా చేయడానికి పాత చిప్పొకటి ఎరువు తెచ్చుకోవాలి.

ర్యామ్ వరుసలో డీడీఆర్4, 3200, 8 జీబీవి రెండు. ఒక్క 16 జీబీ స్టిక్ పెట్టినా అంకె అంతే వస్తుంది, కానీ రెండు చానెళ్లలో ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వీటి చోటు. బిగించాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే చాలా స్టిక్కులు 3200 వేగం అందుకోవు. డబ్బు పెట్టి కొన్న వేగం ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసే ఇళ్లు చాలానే ఉంటాయని నా అనుమానం.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆ కాగితం మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. చవకలో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఉన్నా రాయలేదు. ఆ కార్డు చూడటానికి పూర్తి పొడవు స్లాట్లో కూర్చుంటుంది గానీ వాడుకునేది నాలుగు పీసీఐఈ లేన్లే. మెమరీ కూడా మామూలుగా 4 జీబీయే. ఆ మెమరీ నిండితే మిగతాదంతా ఆ నాలుగు లేన్ల మీదుగా రావాలి. 3.0 మాత్రమే ఉన్న బీ450లో వాటి సామర్థ్యం సగమవుతుంది. అంటే చవక బోర్డు వెతికేవాడికే ఆ చవక కార్డు ఎక్కువ నష్టం చేస్తుంది. బదులుగా రాసింది ఆర్‌ఎక్స్ 6600. ఎనిమిది లేన్లు, 8 జీబీ, 132 వాట్లు. పాత బోర్డులో పెట్టినా పెద్దగా తగ్గదు. బోర్డులో మిగిలిన డబ్బు కార్డులోకి వెళ్లింది, అదీ వృథా కాకుండా.

ఎస్ఎస్‌డీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ. ఎం.2 స్లాట్లో పట్టేవన్నీ ఎన్‌వీఎంఈ కావు, అదే ఆకారంలో సాటా రకమూ ఉంటుంది. అది చూసుకుంటే చాలు.

ఎస్ఎంపీఎస్ 550 వాట్లు. ప్రాసెసర్‌కీ కార్డుకీ కలిపి దాదాపు రెండు వందల వాట్లే కదా, ఇంత ఎందుకనిపిస్తుంది. కార్డులు క్షణకాలం పాటు తమ లెక్క దాటి లాగుతాయి, ఆ వెసులుబాటుకే ఇది. 80 ప్లస్ స్టిక్కర్ కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప, షార్ట్ సర్క్యూట్ అయితే ఆగిపోతుందో లేదో చెప్పదు. అందుకే ఆ వరుసలో వాట్ల పక్కన కంపెనీ పేరూ మోడలూ కూడా ఉన్నాయి. ఆ రెండూ లేని కొటేషన్ నేనైతే తిప్పి పంపుతాను.

క్యాబినెట్‌కి రెండే కొలతలు: కార్డు పొడవు, కూలర్ ఎత్తు. ముందు వైపు గాజు పలక ఉన్నదాన్ని కొట్టేసి జాలీ ఉన్నదాన్ని రాశాడు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క: పాత ఎస్ఎంపీఎస్ మాడ్యులర్ కేబుళ్లు దీనికి వాడొద్దు. కంపెనీ మారితే ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస మారవచ్చు. ప్లగ్గు చక్కగా పట్టినా, 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వెళ్లి డ్రైవులు కాలిపోవచ్చు.