రెండు తీర్ల కొమ్ము

సిలికానాంధ్ర పేరెత్తితే కూచిపూడిలో ముందు గుర్తొచ్చేది సంజీవని ఆస్పత్రి, ఆ తర్వాత 2016లో విజయవాడలో ఆరు వేల మందికి పైగా కలిసి ఆడిన నాట్యం. 2001లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ స్వచ్ఛంద సంస్థ చేసిన వాటిలో నాకు బాగా ముచ్చటేసింది మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోని పని: ఉచితంగా పంచిన యూనికోడ్ తెలుగు ఫాంట్లు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర అంటూ రాయలవారి కొలువు చాలావరకు దిగింది. మండలి ఫాంటు మాత్రం మన దివిసీమది. 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు పేరు దానికి పెట్టారు. ముఖ్యంగా వార్తాపత్రికల కోసం 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల దాన్ని రూపొందించారు.

మండలిలో ‘కూచిపూడి’ అని కొట్టి, తెరమీద బాగా పెద్దది చేసి చూడండి. కంప్యూటరుకు తెలిసినవి ఎనిమిది సంకేతాలే: నాలుగు హల్లులు, నాలుగు గుణింతపు గుర్తులు. ‘కూ’లోనూ ‘పూ’లోనూ కొమ్ముదీర్ఘానికి సంకేతం ఒక్కటే. రాతలో అవి ఒకలా ఉండవు కదా! ‘క’కు పక్కన తగిలే కొమ్ము ‘ప’కు కిందినుంచి లేవాలి. (‘వ’కూ అంతే. పక్కన తగిలిస్తే ‘వు’ కాస్తా ‘మ’ అయి కూర్చుంటుంది.) పలకమీద దిద్ది మనం ఎప్పుడో మరిచిపోయిన ఈ తేడాను ఫాంటు చేసేవాడు మరవడానికి లేదు. ఏ హల్లు పక్కన ఏ రూపం రావాలో గీసి, నియమం రాసిపెట్టాలి. ‘చి’, ‘డి’లలో తలకట్టు తీసి గుడి నిలపాలి, అతుకు కనబడకూడదు. మండలిలో కనబడదు.

‘స్త్రీ’ మరీ గడుసుది. ఆరు సంకేతాలు కలిసి ఒక్క అక్షరం. తవత్తు, క్రారవడి ఒకదాన్నొకటి తన్నుకోకుండా సర్దుకోవాలి. వత్తులకు చోటిస్తే వరుసలు ఎడమవుతాయి, పత్రికలో కాలమ్ తరిగిపోతుంది. కుదిస్తే కళ్లకు శ్రమ. మండలి చదివేవాళ్ల పక్షమే తీసుకుంది. ఫాంట్లన్నీ ఇంత పొందికగా కుదిరాయనను. రవిప్రకాశ్ ఫాంటు వంపులు శుభలేఖ దాటితే నాకు ఎక్కువే అనిపిస్తాయి.

ఈ ఫాంట్లను ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చారు. మొవ్వలో డీటీపీ చేసుకునే కుర్రాడికి ఏ వత్తయినా నచ్చకపోతే ఫాంట్లు దిద్దే సాఫ్ట్‌వేరు ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి తన తీరులో గీసుకోవచ్చు. తిరిగి పంచేటప్పుడు అదే లైసెన్సుతో పంచాలి. ఫాంటును విడిగా అమ్ముకోకూడదు.