గాలి సోకు సంచులు: ఒక విమర్శ

గుడ్డ సంచిలో వేళ్లు హాయిగా ఊపిరి పీల్చుకొనునని అమ్మకందార్లు చెప్పుచుందురు. మాట అబద్ధము కాదు గాని, అందలి అసలు సుగుణము వేరు. పాలిథీన్ సంచిలో వేరు నున్నని గోడకు తగిలి, దారిలేక చుట్టలు చుట్టును. నేలలో నాటినను ఆ చుట్ట విడదు. చెట్టు పెరిగిన పిమ్మట ఒక గాలివానకు ఒరిగిపోవచ్చును. గుడ్డ సంచిలోనైతే వేరుకొన గోడను చేరగానే పొడిగాలి సోకి ఎండును. వెనుకనుండి పిల్లవేళ్లు పుట్టును. తల తుంచిన మొక్క కొమ్మలు వేయునట్లే!

అయితే ఉదయగిరి, ఆత్మకూరు సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. వేరుకొనను ఎండించు గాలియే మట్టిలోని తడిని నలువైపుల నుండి లాగివేయును. బోరునీరు ఉప్పదనము గలదైనచో గుడ్డపై తెల్లని చారలు కూడ తేలును. నీటికి కటకటలాడు ఊరిలో పూటపూటకు తడుపుమనుట ఏపాటి సలహా?

విచిత్రమేమన, ఈ సంచులను మిద్దెతోటల టమాటా, వంగ మొక్కలకే ఎక్కువగా అమ్ముచున్నారు. నాలుగైదు నెలలు బ్రతుకు మొక్కకు వేరు చుట్టుకొన్నను పెద్ద నష్టము లేదు. నూరేండ్లు నిలువవలసిన చింత, వేప మొక్కలు మాత్రము చాలవరకు నల్ల పాలిథీన్ సంచులలోనే పెరుగుచున్నవి. ఇది తలక్రిందుల వ్యవహారము. నీడపట్టున, ఇటుకలపై ఎత్తి ఉంచి, అక్టోబరు వానలకు నాటు చెట్లకే గుడ్డ సంచి తగును.

ఉపాధ్యాయులు బడిలో చింతగింజలను రెండు విధముల సంచులలోను నాటించి, పోసిన నీటిని కొలిపించి, ఆరు నెలలకు సంచులు కోసి వేళ్లను విద్యార్థులకు చూపవచ్చును.